ముట్టుకోని కాగితం

పెళ్లయి నెల తిరగలేదు. మొగుడు ఆఫీసు పని మీద వెళ్తున్నా సరే, స్కూటరు వెనకాల ఎక్కి కూర్చోవడంలో చిట్టికి తప్పేమీ కనిపించలేదు.

"పెళ్లాన్ని వెంటేసుకుని తిరుగుతున్నానని మా పెద్ద గుమస్తాకి తెలిస్తే నా తోలు వొలుస్తాడు" అన్నాడతను.

"నేను మీ వెంట రావట్లేదుగా. స్కూటరు అటు వెళ్తోంది, నాకూ అటే పని ఉంది. అంతే."

"ఏం పని?"

"చెప్పను. సొంత పని."

ఆ సొంత పని ఏమిటంటే, అతని వీపుకి చెంప ఆనించి కళ్లు మూసుకోవడం. ఎండ రెప్పల మీద పడి ఎర్రగా కనిపిస్తుంది. చెట్టు కిందకి రాగానే చల్లగా చీకటవుతుంది. మళ్లీ ఎరుపు. ఏ వీధిలో పోతున్నారో తెలియకుండా అలా ఊరంతా తేలిపోతూ తిరగడం ఆమెకి మహా సరదాగా ఉంది. కాలేజీలో చదివిన చదువంతా ఇందుకే చదివానా అని తనలో తానే నవ్వుకుంది కూడా.

అతను కోర్టులో అమీనా. కోర్టు నుంచి వచ్చిన కాగితాన్ని, అది ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల చేతికే ఇచ్చి, అందిందని సంతకం తీసుకురావడం ఉద్యోగం. చూసేవాళ్లకి ఇంతేనా అనిపిస్తుంది. చిట్టి మాత్రం ప్రతి ఇంటి దగ్గరా నాటకం చూసినట్టు చూసింది. ఇంటికి కాస్త ఇవతలే స్కూటరు ఆపేస్తాడు. హెల్మెట్ తీసి, అద్దంలో చూసుకుని, జుట్టు అణుచుకుంటాడు. తలుపు తీసినవాళ్ల పేరు తను చెప్పడు, వాళ్ల చేతే చెప్పిస్తాడు. కాగితాన్ని అక్షరాలు అవతలివాళ్ల వైపు తిరిగేలా పట్టుకుని, రెండు చేతులతో ఇస్తాడు. పెళ్లిచూపుల నాడు తనకి ఖాళీ కాఫీ కప్పు కూడా అలాగే తిరిగి అందించాడని చిట్టికి గుర్తొచ్చి, సందు మొదట్లో నిలబడి ఒక్కతే మెరిసిపోయింది.

తీసుకునేవాళ్లు మాత్రం ఎవరూ మెరిసిపోవడం లేదు. సైకిళ్లు బాగుచేసే ఆయన చేతుల గ్రీజు గుడ్డకి తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, ఇంక తుడవడానికి ఏమీ మిగలక చెయ్యి చాపాడు. ఒకావిడ కాగితం వంక కాకుండా అతని బూట్ల వంక చూస్తూ సంతకం పెట్టింది.

"మిమ్మల్ని చూస్తే అందరికీ పంటి నొప్పి వచ్చినట్టవుతుందేంటండీ?" అంది చిట్టి మళ్లీ బండెక్కాక.

"నన్ను చూసి కాదు, సంచీని చూసి. సంచీ లేకుండా నేను అందగాణ్ణే."

ఆఖరి ఇల్లు ఓ ఇరుకు వీధిలో ఉంది. నీలంరంగు తలుపు, పైన చిన్న వెంటిలేటరు. ఇల్లు చూపించడానికి దావా వేసినవాళ్ల తరఫు మనిషి రావాలి. ఆ మనిషి వీధి మలుపులో, మూసి ఉన్న దుకాణం అరుగు పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా కాలరు నలగకుండా మెడ చుట్టూ జేబురుమాలు దోపుకున్నాడు. మర్యాదస్తుడిలా ఉన్నాడు.

"అదేనండీ, నీలం తలుపు. నేను రాను. ఆడమనిషి గుమ్మంలో నాకెందుకండీ గొడవ" అన్నాడు.

అమీనా తలుపు తట్టాడు. పిలిచాడు. కాసేపు ఆగి మళ్లీ పిలిచాడు. లోపల గడియ వేసి ఉంది, పలికేవాళ్లు లేరు.

"కావాలనే తియ్యదండీ" అన్నాడు రుమాలాయన, అతను తిరిగి రాగానే. "తలుపుకి అంటించి పారెయ్యండి, మీకూ పని తప్పుతుంది."

"రాగానే అంటించడం కుదరదండీ. చేతికివ్వడానికి ప్రయత్నించాలి. రేపు మధ్యాహ్నం వస్తాను."

రుమాలాయన సరేనన్నట్టు తలాడించాడు. మాటలు వినపడేంత దూరంలో స్కూటరు పక్కన, ఎండకి చున్నీ మొహమంతా చుట్టుకుని నిలబడిన చిట్టిని ఆయన చూడనే లేదు.

మర్నాడు చిట్టికి నిజంగానే ఓ సొంత పని తగిలింది. వాళ్లు అద్దెకి తీసుకున్న గదికి ఒకటే కిటికీ, దానికి తెర లేదు. పొద్దున్నే ఎండ తిన్నగా వచ్చి మొహాన కూర్చుంటోంది. చిట్టి సంతంతా తిరిగి వెన్నరంగు పల్చటి గుడ్డ కొనుక్కుంది. తెరలు ఎవరు కుడతారని అడిగితే, "కర్టెన్లక్క దగ్గరికి వెళ్లమ్మా. వెనక సందులోంచి పో, మేడ దాటాక నీళ్ల కుళాయి ఎదురుగా గుమ్మం" అన్నాడు గుడ్డల కొట్టాయన.

ఆ సందులన్నీ ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చాయి. ఎటు తిరిగి ఎటొచ్చిందో చిట్టికి తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. కుళాయి ఎదురుగా గుమ్మం తెరిచే ఉంది.

లోపలికి అడుగు పెట్టగానే ఆమెకి చెరువు అడుగున నిలబడ్డట్టనిపించింది. కుట్టడం పూర్తయిన తెరలన్నీ గోడల పొడుగునా వేలాడుతున్నాయి. ఆకుపచ్చవి, నీలివి, మబ్బురంగువి. వాటిలోంచి వడకట్టుకుని వచ్చిన వెలుతురు నేల మీద అలల్లా కదులుతోంది. మధ్యలో కుట్టుమిషను. దాని వెనకాల, మెడలో టేపు వేసుకుని, గుండుసూదులు పెదాల మధ్య పట్టుకున్న పెద్దావిడ. మాట్లాడాలంటే సూదులు ఒక్కొక్కటే తీసి చేతి పట్టీకి గుచ్చుకోవాలి. ఆ లోపు అవతలివాళ్లే అంతా చెప్పేస్తారు.

చిట్టి అంతా చెప్పేసింది. కొత్తగా పెళ్లయిందనీ, ఒకటే గది అనీ, పొద్దున్నే ఎండ ముందు తననే లేపేస్తుందనీ, అతను మాత్రం నిద్రపోతూనే ఉంటాడనీ.

"కిటికీ కొలత తెచ్చావా?" అంది అక్క సూదులు తీశాక.

"టేపు లేదక్కా. మా ఆయన రెండు చేతులూ బార చాపితే అటు అంచు నుంచి ఇటు అంచుకి సరిగ్గా సరిపోయింది."

అక్క ఆమె మొహంలోకి చూసింది. ముందు కళ్లు నవ్వాయి. ఆ తర్వాత భుజాలు. చివరికి మిషను బల్ల మీద చెయ్యి వేసి మరీ నవ్వింది. "కిటికీ కొలత తెమ్మంటే మొగుణ్ణి కొలుచుకొచ్చావా! బావుంది పిల్లా. మరి పొడుగెంత? నెత్తి దాకానా, మెడ దాకానా?"

"నెత్తి మీద ఇంకో జానెడు."

"ఎవరి జానెడు? ఆయనదా, నీదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్క గుడ్డని నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, అంచుని గోటితో మడతపెట్టుకుంటూ పోయింది. గోరు వెళ్లిన చోటల్లా తెల్లటి గీత పడుతోంది. సుద్దముక్క అక్కర్లేదా అని చిట్టి అడిగితే, సుద్ద ఉతికితే పోతుందిగానీ గోటి మాట గుడ్డ మర్చిపోదంది. తర్వాత మిషను ఎక్కింది. తొక్కుడు చప్పుడు వింటూ, నీటిరంగు వెలుగులో, చిట్టికి రెప్పలు బరువెక్కాయి.

"మీ ఆయన ఏం చేస్తాడు?"

చెప్పడానికి చిట్టి నోరు తెరిచింది. అంతలో ముందు గదికి అవతల ఎక్కడో తలుపు మీద చప్పుడయింది. అక్క చటుక్కున కాలు ఆపేసింది. ఇంకా తిరుగుతున్న చక్రాన్ని అరచేత్తో అదిమి ఆపింది. వేలు పెదాల మీద పెట్టుకుంది.

"అమ్మా! లోపల ఎవరండీ? కోర్టు నుంచి వచ్చానమ్మా."

అది చిట్టి మొగుడి గొంతు.

ఆ గొంతు ఆమెకి ఎంత తెలుసంటే, మెట్ల మీద దగ్గు వినిపిస్తే చాలు పరుగెత్తుకెళ్లి తలుపు తీస్తుంది. ఇప్పుడు అదే గొంతు మూసిన తలుపు అవతల నుంచి మర్యాదగా, ఓపిగ్గా, కొంచెం అలిసిపోయి పిలుస్తోంది. ఇవతల తను ఊపిరి బిగబట్టుకుని దాక్కుంది. నీలం తలుపు ఇల్లు ఇదే. తను వెనకవైపు నుంచి వచ్చింది.

గొంతు మళ్లీ పిలిచింది. ఆగింది. బూట్ల చప్పుడు దూరమైంది.

"వెళ్లిపోయాడు" అంది అక్క గుసగుసగా. ఆవిడ పై పెదవి మీద చెమట పట్టింది. "నిన్నా వచ్చాడు. ఏదో కాగితం. ఈ రెండు గదులూ ఖాళీ చెయ్యమని ఎవడో కేసు వేశాట్ట. మా ఆయన పోయినా, ఇల్లుంది కదా అని ధైర్యంగా ఉన్నా. ఈ ఇల్లు పోతే మిషను నెత్తిన పెట్టుకుని ఏ వీధిలో నిలబడను?"

"మరి తీసుకుని చూడకూడదా అక్కా, ఎవరు వేశారో?"

"అమ్మో! ముట్టుకుంటే ఒప్పుకున్నట్టేనట. ముట్టుకోనంత కాలం ఆ కేసు మన గుమ్మం దాటి రాదు. మా మరిది చెప్పాడు. బంగారంలాంటి పిల్లాడు. వాడే లేకపోతే ఈపాటికి తలుపు తీసి, సంతకం కూడా పెట్టి కూర్చునేదాన్ని."

ఆ కాగితం తెచ్చినవాడు మా ఆయనే అని చెప్పడానికి చిట్టికి నోరు రాలేదు. తెర అంచు ఇంకా సగం కుట్టాల్సి ఉంది, రేపు రమ్మంది అక్క.

సాయంత్రం అతను మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "ఇవాళ లోపల మనిషి ఉన్నారు చిట్టీ. నేను పిలవగానే మిషను చప్పుడు ఆగిపోయింది" అన్నాడు.

చిట్టి అతని సాక్సు ఉండ చుడుతోంది. చుట్టిందాన్నే మళ్లీ విప్పి చుట్టింది. "తీసుకోకపోతే ఏమవుతుంది? ఊరికే అడుగుతున్నా."

"రేపు ఆఖరిసారి వెళ్తాను. అప్పటికీ తియ్యకపోతే తలుపుకి అంటించి, అదే మాట కోర్టుకి రాసిస్తాను."

"అంటే కేసు ఆగిపోతుందా?"

"ఎందుకు ఆగుతుంది? ఆవిడ లేకుండా నడుస్తుంది. కాగితంలో ఉండేదల్లా ఒకటే. ఫలానావాళ్లు నీ మీద ఇలా అంటున్నారు, ఫలానా రోజున వచ్చి నీ మాట నువ్వు చెప్పుకో అని. ఆ రోజు రాకపోతే అవతలివాళ్ల మాటే మిగులుతుంది. ఇల్లు వాళ్లకిమ్మనే తీర్పు వచ్చినా రావచ్చు."

"ముట్టుకుంటే ఒప్పుకున్నట్టు కాదా?"

"ఎవరన్నారు? సంతకం అందింది అన్నందుకే." అతను నవ్వాడు. "అందరూ నేనేదో చెడు మోసుకొచ్చానని అనుకుంటారు. నిజానికి నేను తీసుకెళ్లేది పిలుపు."

మామూలుగా అయితే ఆ మాటకి చిట్టి అతని మెడ చుట్టూ చేతులు వేసి వేళాకోళం చేసేది. ఇవాళ సాక్సు ఉండ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మధ్యాహ్నం తను పెదవి విప్పి ఉంటే, అక్క చెయ్యి చాపి ఉండేదేమో. మేలు చేస్తున్నాననుకుని నోరు మూసుకుంది. పొద్దున్నే వెళ్లి చెప్పెయ్యాలనుకుంది. చెప్తే అయిపోతుంది కదా. అంత తేలిగ్గా ఉన్న పనికి ఇంత దిగులెందుకో ఆమెకే అర్థం కాలేదు.

పొద్దున కుళాయి ఎదురు గుమ్మంలోకి ఆమె వెళ్లేసరికి, లోపల ముక్కాలి పీట మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. మిషను సూదుల పొట్లం విప్పి, ఒక్కో సూదినీ వెలుతురుకి పట్టి మొన చూసి అక్కకి అందిస్తున్నాడు. చొక్కా కాలరు చుట్టూ జేబురుమాలు.

చిట్టి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా పిల్లా, వీడే మా మరిది" అంది అక్క. "నా కళ్లకి సూది మొన ఆనదని వాడే ఏరి ఇస్తాడు."

"ఆఁ, అదెంత పని వదినా" అన్నాడాయన లేస్తూ. గొంతు తగ్గించి, "ఇవాళ ఒక్కరోజు ఓపిక పట్టు. ఇదే ఆఖరట. పిలిచినా పలక్కు, కాగితం మొహం చూడకు. ఆ తర్వాత వాడే రాడు" అన్నాడు. చిట్టి పక్కనుంచి వెళ్తూ, "జాగ్రత్తమ్మా, గడప ఎత్తు" అని హెచ్చరించాడు కూడా.

ఆయన వెళ్లాక చిట్టి పీట మీద కూర్చోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చివర నుంచి మొదలుపెట్టింది.

"అక్కా, ఆ కేసు వేసింది ఆయనే."

"ఏ ఆయన?"

"మీ మరిది. కోర్టు మనిషికి ఈ ఇల్లు చూపించింది ఆయనే. మొన్న మలుపులో నిలబడి, అంటించి పారెయ్యమన్నాడు. నా కళ్లారా చూశాను."

"నువ్వక్కడ ఎందుకున్నావు?"

"ఆ కోర్టు మనిషి మా ఆయన."

అక్క చేతిలో సూది ఉంది. దాన్ని నెమ్మదిగా పట్టీకి గుచ్చింది. మాట్లాడేటప్పుడు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేదనిపించింది చిట్టికి.

"నిన్న ఇక్కడే కూర్చున్నావు. నీ మొగుడు బయట పిలుస్తుంటే నా పక్కనే కూర్చుని నా మొహం చూశావు."

"అక్కా, నాకు అప్పుడు..."

"నవ్వించావు కూడా. చేతులు చాపాడట, కిటికీ కొలిచాడట! ఇప్పుడేమో మొగుడి పని తేలిక చెయ్యడానికి నా మరిది మీద చెప్తున్నావు. వాడు నాకు సూదులు ఏరి ఇస్తాడు. నువ్వెవరివి?"

"కాగితం చూడండి అక్కా, ఎవరు వేశారో అందులోనే ఉంటుంది."

"చూడాలంటే ముట్టుకోవాలిగా. అదే కదా మీ ఎత్తు!"

సగం కుట్టిన తెరని మడిచి ఆమె చేతుల్లో పెట్టింది. సూది గుచ్చిన దారం దాని వెంటే వేలాడుతూ వచ్చింది. చిట్టి గడప దాటగానే వెనక తలుపు గడియ పడింది. ఆ తలుపు పగటిపూట మూయడం ఆ సందులో ఎవరూ చూసి ఉండరు. కుళాయి దగ్గర బిందె పెట్టుకున్నావిడ తల తిప్పి చూసింది.

చిట్టి కోర్టు గేటు దగ్గర చెట్టు కింద నిలబడి, అతను బయటికి రాగానే అంతా ఏడుస్తూ చెప్పింది. మిషను దగ్గర దాక్కున్నది కూడా చెప్పింది. అతను కోప్పడలేదు. సంచీ పట్టీని సర్దుకున్నాడు.

"ఆవిడకి నేను సలహా చెప్పకూడదు చిట్టీ. తీసుకోమనీ అనకూడదు, వద్దనీ అనకూడదు. ఇవ్వడం వరకే."

"మరి ఆయన చెప్పొచ్చా? అబద్ధం చెప్పొచ్చా?"

అతను స్కూటరు తాళం తీశాడు. తీసి, ఎక్కకుండా నిలబడ్డాడు. "అంటించే ముందు కేసు ఏమిటో, వేసింది ఎవరో తలుపు దగ్గర పైకి చెప్పొచ్చు. చెప్పాలి కూడా. నేనెప్పుడూ గొణిగేసి ఊరుకుంటాను. వీధిలో వినిపిస్తే ఇంట్లోవాళ్ల పరువు పోతుందని."

"ఇవాళ గొణక్కండి" అంది చిట్టి.

మధ్యాహ్నం వీధి నిద్రలో ఉన్నట్టుంది. నీలం తలుపు మీద ఎండ వాలుగా పడి, రంగు పెచ్చులు నీటి మీద పొలుసుల్లా మెరుస్తున్నాయి. రుమాలాయన మలుపులో తన చోట తను ఉన్నాడు. చిట్టి ఈసారి చున్నీ చుట్టుకోలేదు. ఆమెని చూసి, ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు ఆయన కనుబొమలు ముడిచాడు.

అమీనా ముందు తలుపు తట్టాడు. సందులోకి వెళ్లి వెనక తలుపూ తట్టి వచ్చాడు. రెండూ పలకలేదు. సంచీలోంచి జిగురు డబ్బా తీసి, మూత తిప్పి, గడప మీద పెట్టాడు. కాగితం విప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకండీ చదవడం?" అన్నాడు రుమాలాయన మలుపులోంచి. "అంటించెయ్యండి, చాలు."

చిట్టి మొగుడి వంక చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. నలుగురిలో నోరెత్తి మాట్లాడలేని మనిషి. పెళ్లిలో తన పేరు చెప్పమన్నా వినీ వినిపించనట్టు చెప్పాడు. ఇప్పుడు వెంటిలేటరు వంక మొహం ఎత్తి, వీధి మొత్తానికి వినిపించేలా చదివాడు.

"ఈ ఇంట్లో ఉంటూ కుట్టుపని చేసుకుంటున్న అమ్మగారికి! ఈ ఇల్లు పూర్తిగా తనదేననీ, మిమ్మల్ని ఖాళీ చేయించి తనకి అప్పగించమనీ మీ మీద దావా వేశారు. వేసినవారు మీ భర్తగారి సొంత తమ్ముడు. పై సోమవారం ఉదయం కోర్టుకి వచ్చి మీ మాట మీరు చెప్పుకోవచ్చు. రాకపోతే మీరు లేకుండానే విచారిస్తారు!"

ఎదురింటి కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. ఎవరో రేడియో కట్టేశారు. నీలం తలుపు మాత్రం కదల్లేదు. అమీనా ఎదురుచూశాడు. చిట్టి ఎదురుచూసింది. అతను వంగి, జిగురులో కుంచె ముంచాడు.

రుమాలాయన స్తిమితంగా మెడ దగ్గర రుమాలు సర్దుకున్నాడు. ఆయన చూపంతా నీలం తలుపు మీదే ఉంది. అందుకే, తన వెనకాల సందులోంచి ఎవరో నడిచి వస్తున్నది ఆయనకి తెలియలేదు.

చెప్పులు లేకుండా వచ్చింది అక్క. మెడలో టేపు అలాగే ఉంది. చేతి పట్టీకి సూదులు మెరుస్తున్నాయి. పరుగెత్తలేదు. ఇల్లంతా చుట్టి, సందు చుట్టి, ఆయన పక్కకి వచ్చి నిలబడింది. తిట్టలేదు. ఆయన ఎటు చూస్తున్నాడో తనూ అటే, ఆ నీలం తలుపు వైపు కాసేపు చూసింది.

"ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తోంది కదరా" అంది.

ఆయన ఉలిక్కిపడి పక్కకి తిరిగాడు. "వదినా, అది... లాయరు ఏదో... నీ మంచికే..." నీళ్లు నమిలాడు.

అక్క ఆయన్ని దాటుకుని వచ్చింది. అమీనా కుంచె డబ్బాలో వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. పేరు అడిగాడు. ఆవిడ చెప్పింది. తండ్రి పేరూ, భర్త పేరూ అడక్కుండానే చెప్పింది. అతను కాగితాన్ని అక్షరాలు ఆవిడ వైపు తిప్పి, రెండు చేతులతో అందించాడు. అక్క చేతులు గాల్లో ఒక్క క్షణం ఆగాయి. ముట్టుకుంటే కాలుతుందేమో అన్నట్టు. ఆ తర్వాత పట్టుకున్నాయి.

ఆవిడ రెండో ప్రతి మీద సంతకం పెట్టాక, అతను ఆ ప్రతి తీసుకుని మలుపు దాకా నడిచాడు.

"ఇక్కడ మీరు కూడా రాయాలండీ. తీసుకున్న మనిషి ఎవరో మీకు తెలుసని. ఇల్లు చూపించినవాళ్లు రాయాలి."

రుమాలాయన కలం పట్టుకున్నాడు గానీ రాయలేదు. కలం మూత పెట్టాడు, తీశాడు. ఎదురింటి కిటికీలో రెండో రెక్క కూడా తెరుచుకుంది.

"రాయి" అంది అక్క దూరం నుంచే. "నేను నీకు తెలుసనే రాయి. వదిన అవుతుందని కూడా రాయి."

ఆయన దుకాణం గోడకి కాగితం ఆనించి రాశాడు. రాస్తున్నంతసేపూ కలం గరగర ఒక్కటే వినిపించింది. రాయడం అయ్యాక ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయాడు.

అమీనా జిగురు డబ్బా మూత బిగించాడు. "పద చిట్టీ" అన్నాడు.

చిట్టి కదల్లేదు. అక్క నీలం తలుపు ముందు మెట్టు మీద కూర్చుంది. ఎన్నాళ్లుగానో ఎవరూ కూర్చోని మెట్టు, దుమ్ము పట్టి ఉంది. కాగితాన్ని మోకాళ్ల మీద పరుచుకుని, తెర అంచుని మడిచినట్టే గోటితో ఒక్కో వరుస కింద గీసుకుంటూ, పెదాలు కదుపుతూ చదవసాగింది. ఎండ మెట్టు మీద నుంచి మెల్లగా జారిపోతోంది. ఒకచోట గోరు ఆగింది.

ఆవిడ తలెత్తలేదు. పక్కకి కొంచెం జరిగి, మెట్టు మీద దుమ్ముని అరచేత్తో తుడిచింది.

"ఈ మాటకి అర్థమేంటే, పిల్లా?"

చిట్టి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.